రంగుల గదిలో పాత సర్వర్

త్సెంగ్ యూషియా ఏ యంత్రాన్నయినా ముందు చేత్తో చూస్తుంది, తరవాతే కంటితో. పెట్టె పక్కగోడకు అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఓ నిమిషం అలాగే నిలబడుతుంది. లోపల తిరిగే డిస్కు సవ్యంగా ఉంటే చేతికి సన్నటి వణుకు ఒకటే తగులుతుంది. అరిగిపోయినదైతే మధ్యమధ్య ఎక్కిళ్ళు వస్తాయి. షెతౌలో షియావ్ వాళ్ళ సాక్సుల ఫ్యాక్టరీ రంగుల గదిలో, ఆ బుధవారం పొద్దున, ఆమె అరచేతికి తగిలినవి ఎక్కిళ్ళే.

"ఎలా ఉందమ్మాయ్?" వెనకనించి అడిగాడు వాన్ మేస్త్రీ.

"కొనఊపిరి మీద ఉంది."

"నాలాగే."

"మీకేం మేస్త్రీ, మీరు గుండ్రాయి. ఇది ఆపితే మాత్రం మళ్ళీ లేవదు."

వాన్ మేస్త్రీకి డెబ్బై ఆరేళ్ళు. నూలుకు రంగులద్దడంలో ఆ వీధి మొత్తానికి ఆయన్ని మించినవాడు లేడు. ఏ రంగుకు ఏ పొడి ఎన్ని గ్రాములు, నీళ్ళు ఎంత వేడి, ఎన్ని నిమిషాలు ఉంచాలి, ఈ పాళ్ళన్నీ ఆ పాత సర్వర్‌లో ఉన్నాయి. మొత్తం రెండువేల ఎనిమిది వందల పైచిలుకు రంగులు. ఒకప్పుడు వాటిలో సగం ఆయన కళ్ళలోనే ఉండేవి. పాళ్ళు కాస్త అటూ ఇటూ అయినా తొట్టి మీదికి వంగి చూసి సరిదిద్దేవాడు. రెండేళ్ళుగా ఆయన చూపు నట్టనడుమ ఒక బూడిదరంగు మచ్చ వచ్చి కూర్చుంది. పక్కచూపుతో మనుషుల్ని గుర్తుపడతాడు గానీ, నీలానికీ ముదురు నీలానికీ తేడా చెప్పలేడు. ఎవరైనా తెర చదివి చెబితే చాలు, ఇక ఆయనకు పాళ్ళే కళ్ళు. అవి పోతే ఆయన కుర్చీలో కూర్చున్న ముసలాయన, అంతే.

పోయే రోజు కూడా ఖాయమైంది. పాత షెడ్డు అమ్ముడుపోయింది. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి కరెంటువాళ్ళు వచ్చి లైను తీసేస్తారు. సర్వర్‌ని ఆపి, ఎత్తుకెళ్ళి కొత్త షెడ్డులో పెట్టే మాట ఉత్తది. ఇరవై మూడేళ్ళ డిస్కు ఒకసారి ఆగితే మళ్ళీ తిరుగుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు. మిగిలింది ఒకటే దారి. అది తిరుగుతుండగానే దాని లోపలున్నదంతా ఉన్నదున్నట్టు కొత్త పెట్టెలోకి ఎక్కించాలి. ఇనుము ఇక్కడే ఉండిపోతుంది, ప్రాణం మాత్రం అక్కడ వర్చువల్ మిషన్‌గా లేస్తుంది. ఒక విధంగా పరకాయ ప్రవేశం. యూషియా పదిహేనేళ్ళుగా చేస్తున్న పని ఇదే. జాంగ్‌హ్వా, యున్‌లిన్ జిల్లాల్లో తువ్వాళ్ళ మిల్లులూ, కుళాయిల ఫౌండ్రీలూ, బియ్యం మరలూ, ఎక్కడ ఏ పాత సర్వర్ ఎక్కిళ్ళు పెడుతున్నా ఆమె తెల్ల వ్యాను అక్కడికి వెళుతుంది.

ఆమె రాకముందే తైచుంగ్ నుంచి ఒక కంపెనీవాళ్ళు రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ మూడు శాతం దగ్గర ఆగిపోయి, "ఇది అవ్వదు" అని కాగితం మీద రాసిచ్చి వెళ్ళారు. ఓనరు షియావ్ ఛెంగ్‌దా ఆ కాగితాన్ని యూషియా ముందు ఊపాడు. నలభై అయిదేళ్ళవాడు, ఎప్పుడూ చెవి దగ్గర ఫోను.

"అక్కా, మెళ్ళో టైలు కట్టుకుని ఇద్దరొచ్చారు. ఇరవై నాలుగు పేజీల రిపోర్టు ఇచ్చారు. మీరేమో స్క్రూడ్రైవరూ, అన్నం డబ్బా తెచ్చుకున్నారు."

"రిపోర్టు అతికిస్తే డిస్కు తిరుగుతుందంటే నేనూ రాసిస్తాను ఓనరుగారూ."

"కోపం తెచ్చుకోకండి. అవ్వకపోతే అవ్వలేదని చెప్పండి, చాలు. రంగులు బయట అద్దించుకుంటాం. ఆ గది పని ఇక్కడితో ముగించేస్తాం."

మేస్త్రీ అక్కడే ఉన్నాడు. తొట్టి అంచు మీద తడి ఉందేమోనని వేలితో తుడిచాడు.

యూషియా కుర్చీ లాక్కుని కూర్చుంది. సర్వర్ నెత్తిన కొబ్బరిరుచి బొరుగుల పొట్లం ఒకటి ఉంది, ఆకుపచ్చది. ఆ పొట్లం పేరుకు అర్థమే 'బుద్ధిగా ఉండు' అని. మా దేశంలో ఆసుపత్రిలోనైనా, రైల్వేలోనైనా అది నెత్తిన లేని సర్వర్ ఉండదు. ఆకుపచ్చదే పెట్టాలి, పసుపుదో ఎర్రదో పెడితే మొండికేస్తుంది. విప్పకూడదు, తినకూడదు. గడువు తీరకముందే మార్చాలి. ఆమె పొట్లం తిప్పి చూసింది.

"ఇదేమిటి మేస్త్రీ, దీని గడువు నిరుడే తీరిపోయింది! ఇది పేచీ పెట్టక ఏం చేస్తుంది?"

"నాకు కనబడి చస్తేగా. అయినా దానికి ఆ సంగతి తెలియదులే అమ్మాయ్."

ముసలాయన పరాచికం అనుకుని ఆమె నవ్వేసింది. వ్యానులోంచి కొత్త పొట్లం తెద్దామనుకుంది గానీ, పనిలో పడి మరిచిపోయింది.

మూడు శాతం దగ్గర ఎందుకు ఆగుతోందో అరగంటలో తెలిసింది. పాత పెట్టె, కొత్త పెట్టె మాట్లాడుకునే ముందు ఒకదాని గుర్తింపుపత్రం ఇంకొకటి చూసుకుంటాయి. పాత సర్వర్ గడియారం 1996 అంటోంది. బయట నడుస్తున్నది 2024. ఇంకా పుట్టని సంవత్సరంలో తయారైన పత్రాన్ని ఎవరు నమ్ముతారు? తలుపు మూసేసింది.

"బోర్డు మీద బ్యాటరీ చచ్చిందన్నమాట" అనుకుంది యూషియా. పాత యంత్రాల్లో రోజూ చూసేదే. రూపాయిబిళ్ళంత బ్యాటరీ అయిపోతే గడియారం ఎక్కడికో వెనక్కి పడిపోతుంది. టైలవాళ్ళు ఇది కూడా చూడలేదే అని లోలోపల కాస్త గర్వపడింది కూడా. గడియారాన్ని 2024కు దిద్దింది. తలుపు తెరుచుకుంది. శాతం నాలుగయింది, అయిదయింది.

ఆమె చేసిన తప్పు ఇదే. తేదీ సరిగానే ఉంది. నెల సరే, గంట సరే, చివరికి బుధవారం కూడా బుధవారమే. సంవత్సరం ఒక్కటే తేడా. బ్యాటరీ చచ్చిన గడియారం అంత జాగ్రత్తగా తప్పు చెప్పదు. ఆ మాట తట్టడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది.

నలభై ఒకటి దగ్గర మళ్ళీ ఆగింది. ఇది డిస్కు పని. దాని లోపల మూడు గదులున్నాయి. మూడో గదిలో ఏనాటివో ఫ్యాక్సు బొమ్మలు. పుండ్లన్నీ ఆ గదిలోనే ఉన్నాయి, చదవబోయిన ప్రతిసారీ సూది అక్కడే గీరుకుంటోంది. యూషియా మేస్త్రీని అడిగింది, "పాత ఫ్యాక్సులు కావాలా?" అని.

"అందులో అన్నీ ఆర్డర్లు రద్దయిన కబుర్లే. వదిలెయ్."

ఆ గది వదిలేసి, మిగతా రెండింటినే తీసుకోమని చెప్పి మళ్ళీ మొదలుపెట్టింది. సర్వర్ వైపు టేబుల్ ఫ్యాను తిప్పిపెట్టింది. డిస్కు ఎక్కిళ్ళు లెక్కపెడుతూ కూర్చుంది.

పన్నెండింటికి ఫ్యాక్టరీ ఆడవాళ్ళు బయట గుండ్రబల్ల చుట్టూ చేరి, చేపల పులుసు మధ్యలో పెట్టుకుని కేకలేసుకుంటూ తింటున్నారు. ఒకామె పిలిచింది, "అక్కా, రండి, ఒక చోటుంది" అని. యూషియా అన్నం డబ్బా ఎత్తి చూపించి, శాతం చూసుకోవాలంది. అబద్ధం కాదు. అయినా ఆ శాతం ఆమెను చూడమని అడగలేదు.

ఆ బల్లల సంగతి ఆమెకు తెలియనిది కాదు. పదహారో ఏట ఈ వీధి చివరనే ఇంకో ఫ్యాక్టరీలో సాక్సుల బొటనవేలి కుట్లు వేయడానికి చేరింది. ఇప్పుడక్కడ కార్లు పెట్టుకుంటున్నారు. పదకొండేళ్ళు కుట్టింది. ఒకరోజు ఫ్యాక్టరీకి కంప్యూటర్ వచ్చింది. ఫ్యాను కింద చోటు ఆమె మిషను పక్కనే ఉందని అక్కడ పెట్టారు. దానితో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఆమెకు ఒక్క ముక్క రాదు. పాడైనప్పుడు మాత్రం మూత విప్పి చూసింది. కుట్టుమిషను కూడా మూత విప్పితేనే కదా తెలిసేది. దుమ్ము దులిపింది, ఊడిన పలక మళ్ళీ గుచ్చింది, అది లేచి కూర్చుంది. ఆ తరవాత ఊళ్ళో ఎవరి పెట్టె చెడ్డా, "కుట్టుపిల్లను పిలవండి" అనేవారు.

కే వెన్‌జుంగ్ అలా వచ్చాడు, ఆ కుట్టుపిల్లను వెతుక్కుంటూ. ప్రోగ్రాములు రాసేవాడు. స్క్రూడ్రైవర్ ఏ చివర పట్టుకోవాలో తెలీదు. "మీరు ఇనుము చూసుకోండి, నేను అక్షరాలు చూసుకుంటాను" అన్నాడు. పదిహేనేళ్ళు ఒకే వ్యానులో తిరిగారు. ఆయనకు ఫెంగ్‌యువాన్‌లో భార్యాపిల్లలున్నారు. ఊళ్ళో జనం అనుకున్నవేవీ వాళ్ళ మధ్య లేవు. ఉన్నది పనే. అది తక్కువేం కాదు. ఆయన ఏదో మొదలుపెట్టి సగంలో వదిలేస్తే మిగతా సగం ఆమె చేతులకు తెలిసేది. షియావ్ వాళ్ళ రంగుల ప్రోగ్రాం కూడా ఆయన రాసిందే. ఆ సర్వర్ బిగించింది ఈమే.

తరవాత ఆయన పెద్ద కంపెనీలో చేరాడు. "ఇనుప పెట్టెలకు కాలం చెల్లిపోయింది యూషియా, నువ్వూ మారు" అన్నాడు. "చెల్లిపోయేదాకా ఎవరో ఒకరు చూడాలి కదా" అంది ఆమె. మాట పెరిగింది. ఆ పైన పండక్కి ఒక మెసేజ్, అంతే. నాలుగేళ్ళ క్రితం యువాన్‌లిన్‌లో సామాన్లు అమ్మేవాడు ఏదో కేబులు చుడుతూ, "కే గారు పోయి నలభై రోజులైంది కదా" అన్నాడు. "అయ్యో, మీకెవరూ చెప్పలేదా?" అని కేబులు చుట్టడం ఆపాడు.

ఆమె పనిలో ఒక విచిత్రముంది. బాగా చేస్తే మళ్ళీ ఎవరూ పిలవరు. కొత్త పెట్టెలో లేచిన సర్వర్‌కు ఆమె అవసరం ఉండదు. అలా రెండువందల ఫ్యాక్టరీలు ఆమెను మరిచిపోయాయి.

గురువారం సాయంత్రానికి నూరు శాతం అయింది. శుక్రవారం పొద్దున కొత్త పెట్టెలో లేపింది. నీలం తెర వచ్చింది. దానికి ఆమె బెదరలేదు. పాత సర్వర్‌కు తన డిస్కు దగ్గరికి వెళ్ళే దారి ఒక్కటే తెలుసు, కొత్త ఇంట్లో ఆ గుమ్మం లేదు. చీకట్లో గోడకు గుద్దుకున్న మనిషిలా పడిపోయింది. కొత్త గుమ్మం చూపించే చిన్న డ్రైవర్ ఫైలును ఆమె చేత్తో లోపల పెట్టి, రాయాల్సిన నాలుగు గీతలు రాసి, మళ్ళీ లేపింది. లేచింది. ఆమెకు చిన్నగా చప్పట్లు కొట్టుకోవాలనిపించింది.

"మేస్త్రీ, రండి. మీ రంగులు చూసుకోండి."

మేస్త్రీ చేతులు తుడుచుకుని వచ్చాడు. ఆమె రంగుల ప్రోగ్రాం తెరిచింది. తెర మీద గళ్ళు వచ్చాయి, పైన పేర్లు వచ్చాయి. గళ్ళలో ఏమీ లేదు. కింద ఒక వాక్యముంది: నేటి వరకు నమోదైన రంగులు సున్నా.

"వచ్చాయా?" మొహం పక్కకు తిప్పి, చూపు అంచుతో వెతుకుతున్నాడు మేస్త్రీ.

"ఉండండి." ఆమె కుర్చీ పక్కకు తిప్పింది. "పాతదాంట్లో చూస్తాను."

పాత సర్వర్‌లోనూ అదే తెరిచింది. అందులోనూ సున్నా.

బుధవారం పొద్దున ఆమె చెయ్యి వెయ్యకముందు మేస్త్రీ దాంట్లోంచే రంగు తీసి నూలు అద్దాడు. అంటే పోగొట్టింది తనే. కాపీ తప్పయితే మళ్ళీ చేసుకోవచ్చు. అసలుకే మోసం వచ్చాక ఎక్కడికెళ్ళి వెతకాలి? ఫ్యాను గాలికి ఆమె ముంగురులు ఎగురుతున్నాయి, వాటిని తోసుకోవాలని కూడా తోచలేదు.

"మేస్త్రీ, రంగులు కనబడటం లేదు. రెండింట్లోనూ. నా చేతిలోనే ఏదో జరిగింది."

ఆయన చేతిగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నలభై రెండేళ్ళలో నేనూ తొట్లకు తొట్లు పాడుచేశాను" అన్నాడు. "ఇంటికెళ్ళి పడుకో. రేపు పన్నెండు దాకా టైముంది."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆ సాయంత్రం ఆమె వ్యానులో కూర్చుని ఫోనులో పేర్లు పైకీ కిందికీ తోసింది. ఈ సంగతి చెబితే అర్థమయ్యే మనిషి కావాలి. ప్రోగ్రాములోని గళ్ళ గురించి, తారీకుల గురించి, ఆ సున్నా గురించి. నాలుగు వందల పేర్లున్నాయి. అందరూ 'ఫలానా మిల్లు', 'ఫలానా ఫౌండ్రీ'. ఫోను పక్కన పెట్టేసింది.

శనివారం ఏడింటికే వచ్చింది. మేస్త్రీ అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పాత బూట్ల డబ్బా.

"ఇవి నమూనా కార్డులు. పాళ్ళు లేవు వీటి మీద. నంబరూ, తేదీ, రంగు ముక్క అంతే. అయినా తెచ్చాను. ఉత్త చేతులతో కూర్చోలేకపోయాను."

యూషియా డబ్బా తీసుకుంది. ప్రతి కార్డుకూ బొటనవేలంత సాక్సు ముక్క గుచ్చి ఉంది. పై కార్డు ముక్కు దగ్గరకు వచ్చేసరికి వెనిగర్ వాసన గుప్పుమంది. రంగు తొట్టిలో కలిపే పులుపు అది. రెండు వారాలు దాటితే పోతుంది. ఆమె కార్డు వెలుతురుకు పట్టింది. మేస్త్రీ గిలుకుడు రాతలో 85, మూడో నెల, అయిదు అని ఉంది.

మా దగ్గర సంవత్సరాలు రెండు లెక్కల్లో నడుస్తాయి. బయటివాళ్ళతో మాట్లాడితే 2024. ప్రభుత్వ కాగితం మీదా, బడి సర్టిఫికెట్ మీదా మాత్రం ఇది నూట పదమూడు. ఆ లెక్కలో ఎనభై అయిదు అంటే 1996.

"మేస్త్రీ, ఇది ఎప్పుడద్దారు?"

"పోయిన వారం. మంగళవారం."

"మరి ఎనభై అయిదు అని రాశారే?"

"తెర మీద అదే ఉందని చదివి చెబితే అదే రాశాను. మిషన్‌తో నేను వాదించడమెందుకు? పదమూడేళ్ళుగా అలాగే రాస్తున్నా."

"పదమూడేళ్ళు!" ఆమె లేచి నిలబడింది. "ఎవరు చెప్పారు అలా రాయమని?"

"ఇంకెవరు, మీ కే. నూరో సంవత్సరం రాబోతోందని వచ్చి ఒక రోజంతా కూర్చున్నాడు. 'గడియారం వెనక్కి తిప్పాను మేస్త్రీ, ఎవర్నీ ముట్టుకోనివ్వకండి' అన్నాడు."

"మరి నేను ముట్టుకుంటుంటే చెప్పొద్దూ!"

"నువ్వు ముట్టుకున్నావని నాకేం తెలుసు? కళ్ళుంటేగా!" మేస్త్రీ కూడా గొంతు పెంచాడు. తరవాత తగ్గించాడు. "అయినా మీరిద్దరూ ఒక్కటే కదమ్మాయ్. ఆయనకు తెలిసింది నీకు తెలియదని నేనెలా అనుకుంటాను?"

యూషియా మళ్ళీ కూర్చుంది. ఇప్పుడంతా కళ్ళకు కట్టినట్టు కనిపించింది. కే మొదట్లో ఆ ప్రోగ్రాంలో సంవత్సరానికి రెండే అంకెలు పెట్టాడు. ప్రభుత్వ లెక్క తొంభైల్లో ఉండగా ఈ దేశంలో అందరూ అలాగే పెట్టారు. తొంభై తొమ్మిది తరవాత నూరు వస్తుందని ఎవరికీ తోచలేదు. తోచాక కొందరు ప్రోగ్రాం తిరగరాశారు, కొందరు ఫ్యాక్టరీలే మూసేసుకున్నారు. కే గడియారాన్ని ఇరవై ఎనిమిదేళ్ళు వెనక్కి తోశాడు. పాత రంగుల తేదీలన్నింటినీ అంతే వెనక్కి జరిపాడు. మళ్ళీ నూరు రావడానికి ఇంకా ఎన్నో ఏళ్ళుంది. ఈమె బుధవారం వచ్చి గడియారం 'దిద్దింది'. నూట పదమూడులో చివరి రెండంకెలు పదమూడు. రంగులన్నీ అరవైల్లో, డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నాయి. పదమూడో ఏట నిలబడి చూస్తే అవేవీ ఇంకా పుట్టలేదు. పుట్టని రంగును ప్రోగ్రాం ఎందుకు చూపిస్తుంది?

పోలేదు. ఒక్కటీ పోలేదు. అన్నీ అక్కడే ఉన్నాయి.

ఇరవై ఎనిమిదే ఎందుకో కూడా ఆమెకు తెలుసు. త్యెన్‌జుంగ్ దగ్గర రైల్వే గేటు పడి, వ్యానులో ఆగిపోయిన ఒక మధ్యాహ్నం కే వేళ్ళు మడుస్తూ చెప్పాడు. "ఇరవై ఎనిమిదేళ్ళకోసారి తేదీలూ వారాలూ ఉన్నదున్నట్టు మళ్ళీ అదే వరసలో వస్తాయి. మా ఆవిడ దెప్పుళ్ళలాగ." "ఏం పనికొస్తుంది అది?" అంది ఈమె. "ఏమో, ఎప్పుడైనా" అన్నాడు. అది పనికొచ్చిన రోజున ఆయన ఒంటరిగా వచ్చాడు, ఒంటరిగా చేశాడు, ఈమెకు చెప్పలేదు. ఆ ముందు ఏడాదే విడిపోయారు. ఆ వారం ఈమె హువెయ్‌లో తువ్వాళ్ళ మిల్లులో ఉంది, ముప్పై కిలోమీటర్ల దూరంలో.

"కూర్చున్నావేం?" అన్నాడు మేస్త్రీ.

"లేస్తున్నా."

ఈసారి తొందరపడలేదు. రంగుల తేదీలన్నీ లోపలి ఫైళ్ళలో సరిచూసుకున్నాకే, పదిన్నర దాటాక, కొత్త పెట్టెలోని సర్వర్ గడియారాన్ని 1996, మార్చి పదహారు, శనివారానికి తిప్పింది. ప్రోగ్రాం తెరిచింది. గళ్ళన్నీ ఒక్కసారిగా నిండాయి. మేస్త్రీకి అక్షరాలు కనబడలేదు గానీ తెర తెల్లగా ఉన్నది నల్లబడటం తెలిసింది. "ఆఁ!" అన్నాడు గట్టిగా. ఛెంగ్‌దా ఫోను చెవికి పెట్టుకునే లోపలికి వచ్చాడు. "వచ్చాయా అక్కా? వచ్చా..."

గళ్ళు మళ్ళీ ఖాళీ అయ్యాయి.

"ఇదేం మాయ!" అన్నాడు ఛెంగ్‌దా. "చూపించి దాచేస్తోందేం?"

గోడ గడియారం పదకొండు కావస్తోంది. యూషియా చెమట తుడుచుకుని సర్వర్ తేదీ చూసింది. మళ్ళీ 2024. ఎవరు మార్చారు? ఆమె వేళ్ళు ఆగి ఉన్నాయి. అంటే దాన్ని మోస్తున్న పెట్టే మార్చింది. వర్చువల్ మిషన్‌కు సొంత గడియారం ఉండదు. మోసేవాడు నిమిషానికోసారి తొంగిచూసి, 'నీ టైము తప్పు' అని సరిచేస్తుంటాడు. మంచికే చేస్తాడు, బుధవారం తను చేసినట్టే.

"అందరికీ దిద్దే సరదాయే" అని గొణుక్కుంది.

అలా సరిచెయ్యమనే టిక్కు గుర్తు ఒకచోట ఉంది. అది తీసేసింది. తేదీ తిప్పింది. నిండాయి. రెండు నిమిషాలకు మళ్ళీ ఖాళీ. ఛెంగ్‌దా ఏదో అనబోతే మేస్త్రీ చెయ్యెత్తి ఆపాడు. "పని జరుగుతుంటే గదిలో మాట్లాడకు" అన్నాడు. ఓనరు నోరు మూసుకున్నాడు. యూషియా ఆ వర్చువల్ మిషన్ వివరాలున్న ఫైలు తెరిచి, వరస వరసా వేలు పెట్టి చదివింది. లేచినప్పుడల్లా ఒకసారి, ఆగి కదిలినప్పుడల్లా ఒకసారి, ఇలా ఇంకో నాలుగు చోట్ల ఆ దారం కట్టి ఉంది. ఒక్కొక్కటే తెంపింది. దాన్ని దించి, మళ్ళీ లేపింది. తేదీ తిప్పింది.

అయిదు నిమిషాలు. పది. నిండిన గళ్ళు నిండినట్టే ఉన్నాయి.

"నంబరు నాలుగు వందల పదిహేడు తియ్యి" అన్నాడు మేస్త్రీ. "యువాన్‌లిన్ ఆడపిల్లల బడి సాక్సులు. నల్లనీలం. నేను చెబుతాను, నువ్వు చూడు. నీలం ఒకటి పాయింటు ఎనిమిది. నలుపు మూడు పాయింటు రెండు. ఎరుపు..." కళ్ళు మూసుకున్నాడు. "ఎరుపు చిటికెడు. సున్నా పాయింటు సున్నా ఆరు."

"సున్నా ఆరే."

"ఆ చిటికెడు లేకపోతే ఎండలో ఆకుపచ్చగా కొడుతుంది." ఆయన దగ్గాడు. "ఇంకెన్నేళ్ళు పనికొస్తుంది ఇలా?"

"దాని గడియారంలో ఎనభై అయిదు నించి తొంభై తొమ్మిది దాకా. మనకు 2038 చివరిదాకా."

"నాకు అంత అక్కర్లేదు."

ఛెంగ్‌దా "భలే అక్కా, తైచుంగ్ వాళ్ళకు ఫోటో పంపిస్తాను" అని అప్పటికే బయటికి నడుస్తున్నాడు. కరెంటువాళ్ళ బండి గేటు దగ్గర హారన్ కొడుతోంది.

పన్నెండుకు ఎనిమిది నిమిషాలుంది. "వాళ్ళు లైను లాగేలోపు మనమే ఆపుదాం" అంది యూషియా. తను బిగించిన యంత్రం తీగ తెంపితే చావడం ఆమెకు ఇష్టం లేదు. పద్ధతిగా ఆగిపొమ్మని ఆదేశం ఇచ్చి, అరచెయ్యి పక్కగోడ మీద పెట్టింది. ఎక్కిళ్ళు దూరందూరంగా వచ్చాయి. తరవాత సన్నటి వణుకు. తరవాత ఇనుము.

కొత్త పెట్టెను కొత్త షెడ్డుకు చేర్చి, లేపి, దాని నెత్తిన కొత్త ఆకుపచ్చ పొట్లం పెట్టింది. దాని కింద తెల్ల చీటీ అతికించి, పెద్ద అక్షరాలతో రాసింది: 'దీని గడియారం తప్పు కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు వెనకే ఉండాలి. దిద్దవద్దు. ఈ పద్ధతి కే వెన్‌జుంగ్ గారిది.' ఆ కింద తన ఫోను నంబరు వేసింది. 2038కి తనకు డెబ్బై వస్తాయి. అప్పుడు ఈ నంబరు మోగితే ఎత్తాలి.

మేస్త్రీ జామకాయల సంచీ ఇచ్చాడు. "మళ్ళీ రా అమ్మాయ్."

"నేను మళ్ళీ రాకపోవడమే మంచిది మేస్త్రీ."

"అదీ నిజమే" అన్నాడాయన. తొట్టి వైపు తిరిగాడు.

త్యెన్‌జుంగ్ దగ్గర గేటు పడింది. గంట గణగణమంటోంది. యూషియా వ్యాను ఆపి, గడువు తీరిన పొట్లం విప్పింది. సర్వర్ ఆగిపోయాక తినొచ్చు, తప్పులేదు. బొరుగులు మెత్తబడ్డాయి. కొబ్బరి వాసన ఉందీ లేనట్టు ఉంది. ఒకటి తిని, పొట్లం పక్క సీటు మీద పెట్టింది.

"శనివారానికి శనివారం" అంది పైకే. "సరిగ్గా కుదిరింది."

రైలు వెళ్ళిపోయింది. గేటు లేచింది. వెనకబండి హారన్ కొట్టేదాకా ఆమె గేరు వెయ్యలేదు.